ఒక్క క్రియ మార్చినాను

ముప్పై ఏళ్ళు దాటింది, ఒక మాటను మోస్తున్నాను. మూడక్షరాల మాట. తూకం వేస్తే ఎంతుంటుంది? కానీ మోసీ మోసీ నా నడుము వంగింది. వయసు వల్ల వంగిందని డాక్టరు అంటాడు. ఆయనకు ఎముకలు తెలుసు, మాటలు తెలియవు.

నా పేరు వద్దు. ప్రొద్దుటూరులో తెలుగు పండితునిగా పనిచేసి రిటైరైనాను, అంతవరకు చాలు. పిల్లలు వెనకాల నన్ను 'సంధి సారు' అనేవాళ్ళు. సంధులు బాగా చెప్తానని కాబోలు అనుకుని చాన్నాళ్ళు మురిసినాను. రోజూ ఆలస్యంగా, వెనక సందులోంచి బడిలోకి దూరేవాణ్ని గనక అది 'సందు సారు' అని తర్వాత తెలిసింది. ఏ మాట విన్నా దానికి రెండో అర్థం వెతకడం నా జబ్బు. పెళ్ళిలోనైనా, చావింట్లోనైనా. ఈ జబ్బు సంగతి కాస్త గుర్తుపెట్టుకోండి. నేను చేసిన తప్పుకు అదే సాక్షి.

మీరెవరో నాకు తెలియదు. తెలియదు గనకే చెప్పగలుగుతున్నాను.

అవి పార్టీల కాలం. మా తట్టు పార్టీ అంటే జెండా కాదు, మనిషి. జమ్మలమడుగు పక్కన ఒక ఊళ్ళో ఒక పెద్దాయన ఉండేవాడు. ఆయన చీటీ రాస్తే నాకు ఎక్కడో కొండకింది పల్లె నుంచి ప్రొద్దుటూరికి బదిలీ అయ్యింది. ఊరికే ఎవరూ చీటీ రాయరు. బదిలీకి ఒక బదులుంటుంది.

ఆ బదులు పేరు ఓబులేసు.

మా అద్దె ఇంటి పక్కన మూతబడిన శనక్కాయల మిల్లు ఉండేది, పెద్దాయన బంధువులది. దాని మిద్దె మీద ఒక చిన్న గది. గోడకు బిగించిన ఇనుప నిచ్చెన తప్ప వేరే దోవ లేదు. ఓబులేసు ఆ గదిలో దాక్కున్నాడు. అవతలి పార్టీ మనిషిని చంపిన కేసులో మొదటి ముద్దాయి. తాను చంపలేదనీ, పెద్దాయన అడిగితే కేసుకు తన పేరు మాత్రం ఇచ్చినాననీ నాతో అన్నాడు. నిజమో కాదో నేను అడగలేదు. "ఒక నెల పైన ఉండు ఓబులేసూ, నేనే దింపుకుంటా" అని చెప్పి పెద్దాయన ఎక్కించినాడట. ఆ నెల పది నెలలైంది. భార్య, ఇద్దరు ఆడపిల్లలు పులివెందుల తట్టు ఆమె పుట్టింట్లో, చీనీ, అంటే బత్తాయి, తోట కాడ ఉన్నారు. ఆయనకు అన్నం అందించడం నా పని. మధ్యాహ్నం బడి వదిలితే ఒక చేత్తో గిన్నె, చంకలో పేపరు పెట్టుకుని నిచ్చెనెక్కేవాణ్ని. ఛందస్సు చెప్పుకునే మనిషికి ఆ పాదాలు ఎంత కష్టమో ఎక్కితే తెలుస్తుంది.

ఆయన తింటుంటే నేను పేపరు చదివేవాణ్ని. ఆ ఏడాదే దూరాన ఒక పెద్ద దేశం ముక్కలైంది. ఆ దేశం ఆకాశంలోకి పంపిన మనిషి ఒకాయన పైనే ఉండిపోయినాడు. దించాలంటే బోలెడు ఖర్చు. పంపిన దేశమే ఇప్పుడు లేదు. మిగిలిన ముక్కల్లో ఏది డబ్బు కట్టి ఆయన్ను దించుతుందో తెలియదని పేపర్లో రాసినారు.

ఓబులేసు చేతిలో ముద్ద ఆగిపోయింది. "ఇంగోతూరి సదువు సార్" అన్నాడు.

చదివినాను. ఆనాటి నుంచి వేరే వార్త అక్కరలేదు ఆయనకు. నా తల నిచ్చెన పైన కనబడగానే, "ఏం సార్, ఆ యమగామి సంగతేంది?" అనేవాడు.

"యమగామి కాదప్పా, వ్యోమగామి. నీ నోట్లో పడితే ఆయన నేరుగా యముని దగ్గరికే పోయేట్టుండాడు."

ఇద్దరం నవ్వేవాళ్ళం. ఉచ్చారణ దిద్దడం నా ఉద్యోగం. ఎన్నిసార్లు దిద్దినా ఆయన మార్చలేదు.

ఒకరోజు అడిగినాడు. "అది కాదు సార్. పంపేటప్పుడు పూలదండలు ఏసింటారు గదా. ఇప్పుడు దించేదానికి దుడ్లు ల్యావంటే ఎట్లా? వదిలేస్తారా?"

"ప్రభుత్వాలు అట్లా వదిలెయ్యవు ఓబులేసూ. లోకమంతా చూస్తాంటుంది. పేపర్లో పేరు పడినోణ్ని ఎవరూ వదలరు."

"నా పేరూ పడింది గదా సార్, ఏ-వన్ అని." ఆ మాటకు తానే నవ్వినాడు. "ఏ-వన్ అంటే మేలైన సరుకు అని గదా అర్థం? అంగడోళ్ళు అంటాంటారే."

నాకంటే బాగా చమత్కరించేవాడు. నాకు కొంచెం కుళ్ళు కూడా.

ఇంతలో పెద్దాయన పార్టీ మారినాడు, ఇది జెండా ఉన్న పార్టీ. అవతలి పార్టీ వాళ్ళు అప్పటికే అందులో ఉన్నారు. రెండు వర్గాలకూ రాజీ అయ్యిందనీ, ఒక పెళ్ళిలో పక్కపక్కన కూర్చుని అన్నం తిన్నారనీ టీ అంగట్లో విన్నాను. ఇంకొకటి కూడా విన్నాను. అన్నీ ఒప్పుకున్నారుగానీ, మా మనిషిని చంపినోని సంగతేందని అవతలి వాళ్ళు అడిగినారట. విని టీ తాగినాను. పైకెక్కి రాజీ సంగతి ఒక్కటే చెప్పినాను.

ఓబులేసు ముఖం వెలిగిపోయింది. "అయితే ఇంగ నేను దిగొచ్చు గదా! సార్, నువ్వు ఒగతూరి పొయ్యి పెద్దాయన్ను అడిగి రా. నన్ను ఎప్పుడు దింపుకుంటాడో అడుగు. సిన్నదానికి నడక వచ్చిందంట, నేను సూడ్నేలేదు."

ఆదివారం బస్సెక్కి పోయినాను. పెద్దాయన వసారాలో కుర్చీలో వెనక్కి వాలి గడ్డం గీయించుకుంటున్నాడు. మంగలి ఆయన గొంతు మీద కత్తి నడుపుతున్నాడు. ఆ కాలంలో ఆ మనిషి తన గొంతును అప్పజెప్పింది ఆ ఒక్కనికే. నేను చేతులు కట్టుకుని నిలబడి, వచ్చిన పని చెప్పినాను.

ఆయన కళ్ళు తెరవలేదు. దవడ కదలకుండా అన్నాడు. "ఓబులేసు సంగతా? ఇంగ ఎన్నాళ్ళని పైన పెడతాం సార్. బుధవారం జీపు వస్తాది. దించేస్తాం."

మంగలి కత్తి ఆగింది.

ఒక్క క్షణమే. మంగలి తలెత్తి నన్ను చూసినాడు. నేను ఆయన్ను చూసినాను. మళ్ళీ కత్తి కదిలింది.

"మీ బదిలీ బాగుండాది గదా సార్? ఇంగేమన్న కావల్నా?" అన్నాడు పెద్దాయన.

"బాగుంది. ఏమీ వద్దు" అన్నాను.

ఇప్పుడు నా జబ్బు సంగతి గుర్తుచేసుకోండి. 'దింపుకుంటాం' అంటే తమ మనిషిని తమ కోసం, తమ దగ్గరికి దింపుకోవడం. చివర ఉన్న 'కొను'లో ఒక చేయి ఉంది, అది దగ్గరికి తీసుకుంటుంది. 'దించేస్తాం'లో ఉన్నది 'వేయు'. పారవేయు, తీసివేయు, వదిలివేయు. పని ముగించి చేతులు దులుపుకునే క్రియ. పది నెలల కింద అదే నోరు 'దింపుకుంటా' అంది. మా ప్రాంతంలో కత్తిని కూడా దించుతారు. చదువు లేని మంగలికి అర్థమైంది. తెలుగు పండితునికి అర్థం కాలేదని చెప్తే మీరు నమ్ముతారా?

నాకు అర్థమైంది. ఆ వసారాలోనే, నిలబడిన చోటే. బస్టాండు దాకా ఎట్లా నడిచినానో తెలియదు. బస్సులో కిటికీ పక్కన కూర్చుని నాతో నేనే వాదించుకున్నాను. మాటతీరు అయ్యుంటుంది, పల్లెటూరి మనిషి క్రియలు చూసుకుని మాట్లాడతాడా, నువ్వు ప్రతిదాంట్లో రెండో అర్థం వెతికే మనిషివి, ఈ ఒక్కసారికి ఒక్క అర్థంతో సరిపెట్టుకోరాదా? జీవితమంతా ఎవరూ అడగకపోయినా రెండర్థాలు చెప్పినవాణ్ని, ఒక మనిషి ప్రాణానికి ఆ రెండోది కావలసి వచ్చిన రోజున ఒకటి చాలనుకున్నాను.

నిచ్చెనెక్కినాను. ఓబులేసు నిచ్చెన అంచునే కూర్చుని ఉన్నాడు.

"ఏమన్నాడు సార్?"

ఏం చెప్పాలో అప్పటికీ నాకు తెలియదు. నిజంగా తెలియదు. నోరు తెరిచినాను. "బుధవారం జీపు వస్తాదంట. దింపుకుంటామన్నాడు" అంది నా నోరు.

విన్నది ఆయన. నిర్ఘాంతపోయింది నేను. నా నోరేనా ఆ మాట అన్నది? మూడక్షరాల మాటను నాలుగక్షరాలు చేసింది. నలభై మంది పిల్లల ముందు ఒక్క సున్న తప్పు రాస్తే గింజుకునే మనిషిని, పూర్తి క్రియనే మార్చి చెప్పినాను, తడబడకుండా.

"దింపుకుంటా అన్న్యాడా! సెప్పినా గదా సార్, పెద్దాయన మాట తప్పడని." నా రెండు చేతులూ పట్టుకున్నాడు.

అప్పుడైనా చెప్పొచ్చు. సోమవారం ఉంది, మంగళవారం ఉంది. రెండుసార్లు అన్నం తీసుకుపోయినాను. 'దిగొద్దు' అని ఒక్క మాట. పారిపోయేవాడో, అక్కడే ఉండి ఆకలితో పోయేవాడో నాకు తెలియదు. కానీ తెలిసి పోయేవాడు. భయమని మీరనుకుంటారు. భయమే. బదిలీ ఆర్డరు కూడా. వాటిని ఒప్పుకోవడం నాకు సులభం. ఒప్పుకోలేనిది వేరే ఉంది. పది నెలలుగా ఆ నిచ్చెన ఎక్కీ దిగీ విసిగిపోయినాను. బుధవారం తర్వాత ఎక్కే పని ఉండదనే సంగతి లోపల ఎక్కడో నాకు హాయిగా అనిపించింది. ఒక మనిషి ప్రాణానికీ నా మోకాళ్ళకూ తూకం వేసినానా? ఇన్నేళ్ళుగా అడుగుతున్నాను. వేయలేదని చెప్పే ధైర్యం రాలేదు.

బుధవారం మధ్యాహ్నం జీపు వచ్చింది. ఓబులేసు నున్నగా గడ్డం గీసుకుని, నేనిచ్చిన తెల్లచొక్కా వేసుకున్నాడు. పది నెలలు నాలుగడుగుల గదిలో ఉన్న కాళ్ళు, నిచ్చెన మీద వణికినాయి. సగం మెట్ల మీద ఆగిపోయినాడు. కింద నుంచి నేను చేయి చాచినాను. నా భుజం మీద చేయి వేసి దిగినాడు. గమనించినారా? దించింది నేనే.

నేల మీద నిలబడి రెండడుగులు వేసి, పడబోయి నవ్వినాడు. "సిన్నదాని మాదిరి నడస్తాండా సార్." జీపెక్కి వెనక్కి తిరిగినాడు. "ఆ యమగామిని దించితే నాకు కబురు పంపల్ల సార్."

ఈసారి నేను దిద్దలేదు.

జీపు పులివెందులకు చేరలేదు. మర్నాడు పేపర్లో పేరు పడింది, మళ్ళీ మొదటి పేజీలో. కేసులో ఆయన ఏ-వన్ హోదా ఆనాటితో అయిపోయింది. ప్రత్యర్థులు దారికాచి చంపినారని రాసినారు. శవాన్ని చూడడానికి పెద్దాయన వచ్చి, కండువాతో కళ్ళు తుడుచుకున్నాడు. ఆయన కండువా మార్చినాడు, నేను క్రియ మార్చినాను. ఇద్దరికీ ఏ శిక్షా పడలేదు.

తర్వాత కొన్నాళ్ళకు ఆకాశంలో ఉన్న ఆయన దిగినాడు. ఎవరెవరో డబ్బు సర్దినారట. బడిలో, స్టాఫ్ రూములో ఉండగా చదివినాను. కాళ్ళు నిలవక, నలుగురు పట్టుకుని కుర్చీలో మోసుకుపోయినారని రాసినారు. ప్రభుత్వాలు వదిలెయ్యవని నేను చెప్పింది నిజమే అయ్యింది. కబురు పంపమన్న మనిషి లేడు. పేపరు మడిచి, ఏడో తరగతికి పోయి సమాసాలు చెప్పినాను. ఆ రోజు పిల్లలు ఒక్కరూ అల్లరి చేయలేదు. నా ముఖంలో ఏం కనబడిందో.

ఆమె ఒకసారి వచ్చింది, ఓబులేసు భార్య. చిన్నపాప వేలు పట్టుకుని నడుస్తోంది. బడి గేటు దగ్గర నిలబడి అడిగింది. "పెద్దాయన ఆయప్పను గురించి ఏమని సెప్పి పంపిచ్చినాడు సార్? కడాకు ఇడిసిపెట్టినాడా, కావల్లనుకున్యాడా? అదొకటి తెలిస్తే సాలు నాకు."

చూడండి, ఆమె అడిగింది ఆ క్రియనే. చదువు లేదు ఆమెకు. నేరుగా దాని మీదే వేలు పెట్టింది.

"దింపుకుంటామన్నాడమ్మా" అన్నాను.

ఆమె చేతులెత్తి దండం పెట్టింది. పెద్దాయనకు కాదు, నాకు.

ఆనాటి నుంచి ఏటా, కాపు దిగినప్పుడల్లా, పులివెందుల బస్సులో ఒక సంచెడు చీనీకాయలు వస్తాయి. 'సార్ కు' అని సంచి మీద రాసి ఉంటుంది. మొదట్లో ఎవరిదో చేతిరాత, తర్వాత చిన్నదానిది, గుండ్రంగా. ఒక్కసారైనా పుల్లగా ఉంటే బాగుండని కోసి చూస్తాను. ఉండవు. మొన్న కూడా వచ్చినాయి. ఆమె ఇంకా ఉంది. ఇంకా ఆ నాలుగక్షరాల మాటనే నమ్ముకుని ఉంది. అది తీసేస్తే ఆమెకు మిగిలేదేమిటి, తీయకపోతే నాకు మిగిలేదేమిటి? తెలియదు. పులివెందుల బస్సు మా వీధి చివరనే ఆగుతుంది. ఎక్కలేదు. ఎక్కుతానని మీకు మాటివ్వను, నా మాట సంగతి మీకు తెలిసింది గదా.

ఈ రాత పూర్తయ్యాక బరువు దింపుకున్నానని అనలేను. ఆ క్రియ వాడే హక్కు నాకు లేదు. ఉద్యోగమంతా పిల్లల తప్పులు ఎర్రసిరాతో దిద్దినాను, ఒక్కటి మిగిలింది.

ఆయన అన్నది: దించేస్తాం.

ఇదిగో, ఉన్నదున్నట్టు రాసినాను.