మెస్ మూసేశాను

బోధన్ బస్టాండు వెనక సందులో నేను మెస్ నడిపేదాన్ని. వంట నాది కాదు. మోస్రా నుంచి రోజూ బస్సులో వచ్చే ఒకామె చేసేది. ఆమె భర్త లారీ డ్రైవరు, ఎయిడ్స్‌తో పోయాడు. ఆ జబ్బు ఆమెకూ అంటింది. పనిలో చేరిన రోజే ఆ సంగతి నాకు చెప్పింది. నేను నిజామాబాద్ పెద్దాసుపత్రికి వెళ్లి డాక్టరును అడిగాను. వంటతో, తిండితో అంటుకోదన్నాడు. నాకు అంతకన్నా ఏం కావాలి?

ఆమె చేతి పుంటికూర పప్పు కోసం, పచ్చిపులుసు కోసం బడి సార్లు, బ్యాంకువాళ్లు బల్ల దొరికేదాకా గుమ్మంలో నిలబడేవారు.

ఒకసారి ఆసుపత్రిలో ఆ మందుల వరసలో ఉన్న ఆమెను మా సందువాళ్లెవరో చూశారు. కొద్దిరోజులకే బల్లలు ఖాళీ అయ్యాయి. రోజూ వచ్చే సారు ఒకాయన బయటే నిలబడి అన్నాడు:

"అక్కా, గామెను తీసెయ్యి. రేపటి సంది అందరం వస్తం."

"తిండితోని అంటదని డాక్టరే చెప్పిండు సారూ. పిల్లలకు సదువు చెప్పేటోళ్లు, మీకు తెల్వదా?"

"తెల్సు. కని తినబుద్ధి గావాలె గద?"

లోపలి నుంచి ఆమె అంతా విన్నది.

"నేను పోత అక్కా. నాతోని నీ దుకాణం మునుగుతది."

"యాడికి పోతవ్? పొయ్యి మీద పప్పు మాడుతున్నది, సూడు," అన్నాను.

రోజూ మిగిలిన అన్నాన్ని బర్రెలున్నవాళ్లు బకెట్లతో పట్టుకుపోయేవారు. ఆమె వండిందని బర్రెలకు పెట్టడానికి ఎవరూ వెనకాడలేదు. ఆ బర్రెల పాలు సందంతా తాగింది.

ఒకరోజు ఆమె రాలేదు. ఫోన్ చేశాను.

"చందూర్ దిక్కు చెరుకు కొట్టవోతున్న అక్కా. ఈడ నా రోగం సంగతి ఎవలకు ఎరుకలేదు," అంది.

ఎండలో ఆ పని ఆమె ఒంటికి ఎంత బరువో నాకు తెలుసు. రమ్మని బతిమాలాను. రాలేదు.

కొత్త వంటామెను పెట్టాక సార్లు తిరిగొచ్చారు. రెండు ముద్దలు తిని ఆ సారే అడిగాడు: "ఏందక్కా, పచ్చిపులుసు మునుపటి లెక్క లేదు?"

గిన్నె తీసుకుని లోపలికి వెళ్లిపోయాను.

తర్వాత వాళ్లంతా రోడ్డు మీద కొత్తగా తెరిచిన బిర్యానీ హోటలుకు మళ్లారు. వేసవిలో నేను మెస్ మూసేశాను. ఇప్పుడు ఆ హోటల్లోనే ఉల్లిగడ్డలు కోస్తున్నాను. లోపల వండేది ఎవరో, వాళ్ల ఒంట్లో ఏముందో ఇక్కడ ఎవరూ అడగరు.