బోర్లించిన తట్టలు

మొన్న మా దొడ్డిగోడకు పునాది తవ్వుతున్న మనిషి గడ్డపార దించినప్పుడు వచ్చిన శబ్దం విని, వసారాలో చదువుకుంటున్న నేను కళ్ళజోడు తీసి లేచి నిలబడ్డాను. అంతవరకు ఆ గడ్డపార ఒకే తీరుగా, పొట్టిగా, బరువుగా పలుకుతోంది. ఆ ఒక్క దెబ్బకు మాత్రం శబ్దం కాస్త సాగింది; ఖాళీ కుండను వేలితో తట్టినట్టు లోపలినుంచి జవాబు వచ్చింది. గట్టి మన్ను దెబ్బను మింగుతుంది. లోపల చీలిన మన్ను దాన్ని తిరిగి ఇస్తుంది. ఈ సంగతి నాకు మదరాసులో సర్వే, లెవెలింగు నేర్పిన పంతుళ్ళు చెప్పలేదు. ధాత కరువు వెళ్ళీ వెళ్ళని రోజుల్లో, ఆత్మకూరు నుంచి ఉదయగిరికి పోయే దారిలో ఒక చెరువుకట్ట మీద, అక్షరం రాని ఒక స్త్రీ చెప్పింది. ఆమె పేరు ఆదెమ్మ.

అప్పుడు నాకు ఇరవైమూడేళ్ళు. ఆ చెరువు పనికి నన్ను ఓవర్సీరుగా పంపారు. కరువుకు ముందటి వరదకు కట్ట మధ్యలో గండి పడి, పూడ్చే దిక్కులేక అలాగే ఉండిపోయింది. మళ్ళీ వానలు వచ్చేలోగా ఆ గండి పూడాలి. కరువు పని అని తెలిసి కొండాపురం వైపునుంచీ, జలదంకి వైపునుంచీ కుటుంబాలకు కుటుంబాలు నడిచి వచ్చాయి. మగవాళ్ళు చెరువు గర్భంలో గుంటలు తవ్వి మన్ను తీస్తే, ఆడవాళ్ళు తట్టలతో కట్ట మీదికి మోసేవారు. మోసేవాళ్ళందరికీ పెద్ద ఆదెమ్మ. ఏభై దాటిన మనిషి. సన్నగా, నిటారుగా ఉండేది. ఏళ్ళ తరబడి బరువులు మోసి కుడిభుజం ఎడమభుజం కంటే రెండంగుళాలు కిందికి దిగి ఉండేది. చేతిలో ఎప్పుడూ ఒక తుమ్మకర్ర. ఆమె తండ్రి ఉదయగిరి కొండ పాదాన బావులు తవ్వినవాడట.

నేను చేరిన మొదటి ఉదయం, పొద్దు పొడిచేసరికి పని మొదలవుతుందని గడియారం చేతిలో పట్టుకుని నిలబడ్డాను. జనమంతా వచ్చారు. ఒక్కరూ పార పట్టలేదు. ఆదెమ్మ తన తట్టను నేలమీద బోర్లించి దాని మీద కూర్చుంది. అది చూసి అందరూ తమ తమ తట్టలు బోర్లించి కూర్చున్నారు. అప్పుడు మాలకొండయ్య అనే తవ్వేవాడు, కుడిచేతికి ఆకుపసరు కట్టు కట్టుకున్నవాడు, తల గోక్కుంటూ లేచాడు.

"నిన్న నేను రాయి తీసేదానికి దాని కింద చెయ్యి పెట్టినాను. అక్కడ తేలు ఉండాది. అదే ముందు వచ్చినాదంట, నేనే తర్వాత."

జనం గొల్లుమన్నారు. ఆదెమ్మ మాత్రం నవ్వలేదు.

"కర్ర లేదా రా నీకు?"

"ఉండాదక్కా. చెయ్యే కర్ర కంటే దగ్గిరగా ఉండాది."

మళ్ళీ నవ్వులు. నవ్వు ఆగాక ఆదెమ్మ, "చలికాలం పురుగు వెచ్చదనానికి రాయి కిందికి దూరతాది. రాయిని కర్రతో దొర్లించినాక చెయ్యి పెట్టండి" అని, తన తట్టను వెల్లకిలా తిప్పింది. వరసగా తట్టలన్నీ తిరిగాయి. పని మొదలైంది. నా గడియారంలో పదమూడు నిమిషాలు గడిచాయి.

ఆ పదమూడు నిమిషాలూ వృథా అని నాకు గట్టిగా అనిపించింది. మధ్యాహ్నం ఆమెను పిలిచి, చెప్పవలసింది నీవే ఒక్క ముక్కలో చెప్పి పంపరాదా అన్నాను. ఆమె అన్న మాట నాకింకా అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. "నేను చెప్తే ఈ చెవిన విని ఆ చెవిన వదిలేస్తారయ్యా. దెబ్బ తిన్నోడే లేచి చెప్తే, వాచిన చెయ్యి చూస్తా వింటారు. నవ్వినోడు మరిచిపోడు."

అదే వారి కట్టుబాటు. ముందురోజు ఎవరికి దెబ్బ తగిలిందో, ఎవరికి తృటిలో తప్పిందో, వారే లేచి తమ పొరపాటు తమ నోటితో చెప్పాలి. అది చెప్పేదాకా తట్ట తిరగదు. మాఘమాసంలో మంచు పడిన కట్టవాలు మీద జారినవాళ్ళు లేచి, వాలుకు ఎదురుగా కాక పక్కగా పాదం వేయాలని చెప్పారు. చైత్రంలో ఎండకు పెట్టిన గడ్డపార పట్టుకుని అరచేయి బొబ్బలెక్కినవాడు, పనిముట్లను తడిగోనె కింద పెట్టాలని చెప్పాడు. రుతువు మారినకొద్దీ మాటలు మారేవి. నేను వాటిని ఒక చిన్న పుస్తకంలో రాసుకోవడం మొదలుపెట్టాను. కొంత వేళాకోళంగానే రాసుకున్నాను.

ఆ వేళాకోళం వైశాఖంలో పోయింది. తట్టలు మోసేవాళ్ళు ఎదురుపడినప్పుడల్లా ఒకరినొకరు "మీ ఊరేంది?" అని అడుక్కోవడం విని నాకు విసుగెత్తేది. నెలల తరబడి కలిసి మోస్తున్నవాళ్ళు, ఒకే పాకలో పడుకుంటున్నవాళ్ళు! కబుర్లతో పొద్దు పుచ్చుతున్నారని ఒకరిద్దరిని కసిరాను కూడా. ఒకనాడు మిట్టమధ్యాహ్నం రవణమ్మ అనే చంటిబిడ్డ తల్లి కట్ట ఎక్కుతోంది. దిగి వస్తున్న మాలకొండయ్య అలవాటుగా "మీ ఊరేంది పాపా?" అన్నాడు. రవణమ్మ ఆగింది. అతని ముఖంలోకి చూసింది. నోరు కదిలింది కాని మాట రాలేదు. అతను వెంటనే ఆమె తలమీది తట్ట లాగి పారేసి "అక్కా!" అని కేకవేశాడు. నలుగురు వచ్చి ఆమెను నీడకు మోసుకుపోయి, మెడకూ చంకలకూ తడిగుడ్డలు చుట్టి, ఉప్పు వేసిన గంజినీళ్ళు కొంచెం కొంచెంగా తాగించారు. సాయంత్రానికి ఆమె లేచి కూర్చుని బిడ్డకు పాలిచ్చింది. ఎండదెబ్బ కాళ్ళను పడగొట్టేముందు మాటను తడబెడుతుందనీ, తన ఊరి పేరు చెప్పలేనివాడికి ఇంకా కొద్దిసేపే వ్యవధి ఉందనీ నాకు ఆ రోజు తెలిసింది. థర్మామీటరు లేని చోట ఆదెమ్మ ఒక ప్రశ్నను థర్మామీటరుగా చేసింది. ఆ రాత్రి నా పుస్తకంలో రాసిన అక్షరాలు అంతకు ముందువాటికంటే పొందికగా ఉన్నాయని ఇప్పుడు తిరగేస్తే కనిపిస్తుంది.

ఇంత చూసీ నేను ఆ తప్పు ఎలా చేశానో చెప్పాలి. మన్ను ఎంత లోతు తీశారో కొలవడానికి ప్రతి గుంటలోనూ నడిమధ్య ఒక దిమ్మను తవ్వకుండా వదిలేస్తారు. దాన్ని సాక్షిదిమ్మ అంటారు. దాని ఎత్తే గుంట లోతు; కూలి లెక్క దాన్నిబట్టే. మా పనిలో అలాంటివి ఏడు ఉండేవి. ఒక్కొక్కటి మనిషి ఎత్తు. చెట్టు లేని ఆ చెరువు గర్భంలో వేసవి అంతా వాటి నీడే నీడ. ఆడవాళ్ళు గంజి ముంతలు వాటి పక్కన పెట్టుకుని, వాటికే నడుము ఆన్చి కూర్చునేవారు.

ఆశ్వయుజంలో ఉదయగిరి కొండ నెత్తిన మూడు రోజులు మబ్బు కదలకుండా కూర్చుంది. నాలుగోనాడు జాముసేపు వాన కురిసింది. గండి ఇంకా పదిహేను గజాలు పూడాలి. వాగులో ఎర్రనీరు సన్నగా కదలడం మొదలైంది. రెండేళ్ళుగా చుక్క నిలవని చెరువు అది. ఇంకొక్క గట్టివాన పడేలోగా గండి పూడకపోతే వచ్చిన నీరంతా పెన్నలో కలుస్తుంది, కింది ఊళ్ళకు మూడో ఏడూ పంట ఉండదు. మరునాడు పొద్దున తట్టలు బోర్లించబోతున్న జనాన్ని చూసి నేను "ఈ వేళ మాటలు వద్దు, తట్టలు ఎత్తండి" అని అరిచాను.

ఆదెమ్మ దగ్గరకు వచ్చింది. "అయ్యా, దిమ్మలు కర్రతో కొట్టి చూసినాను. నడిమి గుంటలోది డొల్లగా పలకతా ఉండాది. ఎండకు బీటలిచ్చినాది, ఆ బీటల్లోకి నీళ్ళు దిగినాయి. కొట్టేయించు."

"కొలవకుండా కొట్టేయడానికి వీల్లేదు. శనివారం కొలుస్తాను."

"ఇప్పుడే కొలుచుకోరాదా? కొలత గొలుసు నీ చేతిలోనే ఉండాదే."

ఉంది. ఏడు దిమ్మలూ కొలవడానికి అరగంట పట్టేది. ఆ అరగంట నేను ఇవ్వలేదు. "నీ పని నీవు చూసుకో ఆదెమ్మా" అన్నాను.

ఆమె తట్ట పక్కన పడేసి, తిన్నగా వెళ్ళి ఆ నడిమి దిమ్మకు నాలుగడుగుల దూరంలో కర్ర ఊని నిలబడింది. మోసేవాళ్ళ వరస ఆమెను చూసి తనంతట తానే వంపు తిరిగి దూరంగా నడవసాగింది. కట్టమీదినుంచి నేను చూస్తూనే ఉన్నాను. మధ్యాహ్నందాకా ఆ మనిషి అక్కడినుంచి కదలలేదు. గంజివేళ రవణమ్మ, వేసవి అలవాటు చొప్పున, ముంత పట్టుకుని అవతలి వైపునుంచి వచ్చి ఆ దిమ్మకే వీపు ఆన్చి కూర్చుంది.

"ఏమ్మే, లెయ్యి! నడుమాన్చేదానికి ఆ మిండి దిమ్మే దొరికినాదా నీకు?" అని అరుస్తూ ఆదెమ్మ పరుగెత్తింది. రవణమ్మను జబ్బ పట్టి లాగి అవతలికి తోసింది. దిమ్మ నిలువునా చీలి, ఆదెమ్మ కుడికాలి మీద పడింది.

మేము మన్ను తీసేసరికి ఆమె స్పృహలోనే ఉంది. మోకాలి కింద ఎముక రెండుచోట్ల విరిగింది. వెదురుబద్దలు కడుతున్నంతసేపూ ఆమె అడిగింది ఒకటే: "ఆ పిల్లకు ఏం కాలేదు గదా?"

మరునాడు పొద్దున ఎవరూ పిలవకుండానే జనం చేరారు. నలుగురు ఆదెమ్మను నులకమంచం మీద మోసుకొచ్చి మధ్యలో దించారు. తట్టలన్నీ బోర్లించి కూర్చున్నారు. కట్టుబాటు ప్రకారం దెబ్బ తిన్నది ఆమె కాబట్టి చెప్పవలసింది ఆమె. మోచేతుల మీద కొద్దిగా లేచి మొదలుపెట్టింది.

"నిన్న నాకు మతి లేకపోయినాది. డొల్ల దిమ్మని తెలిసి కూడా దగ్గిరికి పోయినాను..."

ఆమె నావైపు చూడలేదు. ఎవరూ చూడలేదు. చూసి ఉంటే నేను భరించగలిగేవాణ్ణేమో. నేను కట్ట దిగి వచ్చి, అక్కడ పడి ఉన్న ఆమె తట్టను బోర్లించి, దాని మీద కూర్చోబోయి కూర్చోలేక నిలబడే ఉండి చెప్పాను. "దిమ్మ కొట్టొద్దన్నవాణ్ణి నేను. గొలుసు నా చేతిలోనే ఉంది. అరగంట ఇవ్వలేకపోయాను."

ఓవర్సీరు లేచి తప్పు చెప్పడం వారు చూసి ఉండరు. చివరికి వెనకనుంచి మాలకొండయ్య గొంతు వినబడింది.

"అయ్యా, నీ గొలుసు కంటే నా తేలే నయం. కుట్టేముందు తోకన్నా ఎత్తినాది!"

ఎవరో కిసుక్కుమన్నారు. మరుక్షణం జనమంతా గొల్లుమన్నారు; మంచం మీద ఆదెమ్మ కూడా నవ్వి, నవ్వుకు కాలు కదిలి "అబ్బా" అని మళ్ళీ నవ్వింది. అప్పుడు నాతో అంది: "చెప్పినావు గదా నాయనా. ఇంక తట్ట తిప్పు."

అంతవరకు నన్ను అయ్యా అని తప్ప పిలవలేదు. నేను తట్ట తిప్పాను. మిగిలిన ఆరు దిమ్మలూ కొలిచి, కూలదోయించాను. అరగంట కూడా పట్టలేదు. గండి నాలుగోనాటి సాయంత్రం పూడింది. ఆ వారంలోనే పెద్దవాన వచ్చింది. ఆదెమ్మ తన మంచం కట్టమీద వేయించుకుని, కొత్తగా పూడ్చిన చోట కర్రతో కొట్టి, తల వంచి విని, "మింగతా ఉండాది. నిలబడతాది" అంది. నిలబడింది. ఆమె మాత్రం మళ్ళీ తట్ట ఎత్తలేదు. ఉదయగిరి వైపు తమ్ముడి ఇంటికి బండి మీద వెళుతూ, వచ్చే ఎండాకాలం మాటలు మరిచిపోవద్దని నాకు చెప్పి పోయింది.

ఆ తరువాత ముప్ఫై ఏళ్ళు కట్టలూ, కాలువలూ, వంతెనలూ కట్టించాను. ఏ పనిలోనైనా మొదటి ఉదయం తట్ట బోర్లించి మొదట చెప్పింది నేనే, చెప్పింది ఆ ఒక్క సంగతే. మొన్న దొడ్లోకి దిగి, పునాది గోతిలో ఉన్న మనిషిని పైకి రమ్మన్నాను. అతని తట్టను బోర్లించి దాని మీద కూర్చున్నాను. అతను గడ్డపార పట్టుకుని బిత్తరపోయి చూశాడు.

"ఏంది సామీ, ఏమయినాది?"

"కూర్చో, చెబుతాను," అన్నాను. "దిమ్మ కొట్టొద్దన్నవాణ్ణి నేను."