చివరింటికి వెళ్లని రోజు

ఈ పొద్దున మా అపార్ట్‌మెంటు వాచ్‌మన్ గేటు పక్కన ఊడ్చిపోసిన వేపాకు కుప్పకు నిప్పంటించాడు. ఖమ్మంలో ఎండలు మొదలయ్యాక ఇది రోజూ ఉండేదే. అయినా ఎండాకు కాలే ఆ వాసన కిటికీలోంచి రాగానే చేతిలోని టీ గ్లాసు కింద పెట్టేశాను. ఎటైనా పరుగెత్తాలనిపించింది. ఇన్నేళ్లయినా ఆ వాసనకు నా ఒళ్లు అలవాటు పడలేదు. అది వచ్చినప్పుడల్లా నాకు నర్సక్క గుర్తొస్తుంది.

నర్సక్క మీకు తెలియదు. దమ్మపేట దాటాక అడవి అంచు గూడేల్లో పేద కుటుంబాల కోసం పనిచేసే ఒక చిన్న సంస్థకు ఆమే పెద్ద దిక్కు. పొట్టి మనిషి, గొంతు మాత్రం పెద్దది. ఇప్పపువ్వు ఏరి బతికే ఆడవాళ్లను సంఘంగా కూర్చి, పువ్వును అడ్డికి పావుశేరుగా దళారి చేతుల్లో పోయకుండా ఎండబెట్టి, లడ్డూలు చేసి అమ్ముకోవడం నేర్పింది. డిగ్రీ అయ్యాక నేను ఆమె దగ్గర ఫీల్డు వర్కర్‌గా చేరాను. మాది కొత్తగూడెం. నాన్న బొగ్గుబావిలో పనిచేసేవాడు. ఆయన షిఫ్టు దిగి వచ్చేదాకా అమ్మ వాకిట్లో నిలబడి ఉండేది, ఆమె కొంగు పట్టుకుని నేనూ. నడకతో పాటే నాకు భయపడటం కూడా వచ్చేసింది.

నర్సక్కకు ఒక పద్ధతి ఉండేది. ఏ గూడేనికి వెళ్లినా రోడ్డు పక్క ఇళ్ల దగ్గర ఆగేది కాదు. ఎవరు పిలిచినా "వస్త, వస్త" అంటూ నేరుగా అడవి వైపున్న చివరింటికి పోయి, అక్కడి నుంచి ఒక్కో ఇల్లూ చూసుకుంటూ రోడ్డుకు తిరిగొచ్చేది. నాకు అదంతా వృథా తిరుగుడనిపించేది.

"ఎందుకక్కా గింత నడుసుడు? బడి కాడికి రమ్మంటే అందరు రారా?" అని ఒకసారి అడిగాను.

"వచ్చేటోళ్లు వస్తరు సుజాతా. రానోళ్ల సంగతేంది మరి?" అంది, నడక ఆపకుండానే.

ఒక గూడెంలో ఆ చివరిల్లు ముత్తమ్మది. వాగు దాటి, చెట్ల మధ్య కాలిబాటలో చాలాసేపు నడవాలి. ఆమెకు భర్త లేడు. కూతురు మిరప తోటల్లో కూలికి పోతే, మూడేళ్ల మనవరాలిని తనే చూసుకునేది. నాలుగు ఇప్పచెట్లు ఆమెకు ఆధారం. ఆ ఇంటి రెండు కుక్కలకు జడిసి నేను ఎప్పుడూ నర్సక్క వెనకే నక్కి నడిచేదాన్ని.

పువ్వు రాలే ముందు చెట్టు కింది ఎండాకును కాల్చి నేల శుభ్రం చేసుకోవడం అక్కడి అలవాటు. అలా చేస్తేనే రాలిన పువ్వు కంటికి కనబడుతుంది. ఒక్కోసారి ఆ మంటే అడవికి అంటుకుంటుంది. అందుకని ఆ ఏడాది మా సంస్థ ఇంటింటికీ వలలు తెప్పించింది. చెట్టు కింద వల కడితే పువ్వు అందులోనే పడుతుంది, నిప్పుతో పనిలేదు. ఫారెస్టు వాళ్లు మాత్రం ఒక మాట గట్టిగా చెప్పారు. వల తీసుకున్నాక కూడా నిప్పు పెడితే కేసే.

పంచే రోజున నర్సక్కకు జ్వరం. నేనొక్కదాన్నే వెళ్లి, బడి దగ్గరికి అందరినీ పిలిచి పంచేశాను. ముత్తమ్మ రాలేదు. ఆమె వల పట్టుకుని వాగు దాకా వెళ్లాను. అవతల కుక్కలు మొరుగుతున్నాయి. ఇసుకలో ఏదో జంతువు అడుగులున్నాయి. ఎలుగుబంటివేనని నాకు నేనే తేల్చేసుకున్నాను. రేపిద్దాంలే అని వెనక్కి తిరిగాను, వలలు అందినవాళ్ల పేర్ల కాగితంలో ఆమె పేరు పక్కన కూడా టిక్కు పెట్టేశాను.

"చివరింటికి పోయినవా?" అని దుప్పటి ముసుగులోంచే అడిగింది నర్సక్క.

"అవ్ అక్కా, పోయిన."

రేపు, ఎల్లుండి అంటూ నాలుగు రోజులు నెట్టాను. ఐదో రోజు మధ్యాహ్నం, నర్సక్కకు జ్వరం తగ్గి మేము గూడెంలో దిగగానే వాగవతల పొగ లేచింది. అందరం పరుగెత్తాం. ముత్తమ్మ చెట్టు కింద పెట్టిన నిప్పు గాలికి గుడిసె వైపు పాకుతోంది. మనుషులు పచ్చికొమ్మలు విరిచి మంటను బాదుతున్నారు. "పిల్ల లోపలున్నది! పండవెట్టి వచ్చిన!" అని ముత్తమ్మ అరుస్తోంది. నర్సక్క కొంగు తలకు చుట్టుకుని పొగలోకి దూరింది. ఆ కాసేపూ నేను పిల్ల కోసం దేవుడికి మొక్కుకున్నానని చెప్పుకోవాలనుంది. కానీ నా కళ్ల ముందు ఉన్నది నేను పెట్టిన టిక్కు. పిల్లను భుజాన వేసుకుని నర్సక్క దగ్గుతూ బయటికొచ్చింది. పిల్లకేమీ కాలేదు. రెండు ఇప్పచెట్లు మాత్రం మాడిపోయాయి.

సాయంత్రం ఫారెస్టు ఆఫీసరు వచ్చి మా కాగితం తిరగేశాడు. "వల ముట్టినట్టు రాసున్నది గదా. ఏంజేసినవ్, అమ్ముకున్నవా? కేసు రాస్తే జైలుకు పోతవ్, తెలుసా?"

"ఏం వల సారూ? నాకేం దెల్వది" అంది ముత్తమ్మ.

నర్సక్క తల తిప్పి నన్ను చూసింది. ఒక్క చూపే. నేల చూపులు చూశాను.

"ఆమెకు వల అందలే సార్. కాగితం తప్పు. పంచే బాధ్యత నాది, నా పేరు రాసుకోండ్రి" అంది నర్సక్క. అతను రాసుకున్నాడు. ఆమె సంతకం పెట్టింది. ముత్తమ్మ మీద కేసు తప్పింది గానీ, ఆ సంతకం వల్లే తర్వాత నర్సక్కను ఫారెస్టు వాళ్ల అడవి కమిటీ నుంచి తీసేశారు.

తిరుగు ఆటోలో "అక్కా..." అని ఏడుపు మొదలుపెట్టాను.

"నాకు చెప్పకు. పొద్దుగాల పోయి ముత్తమ్మకు చెప్పు. ఒక్కదానివే పో."

"భయమైతున్నదక్కా."

"నాకు కాలేదా? పొగల పోతుంటే కాళ్లు గజగజ వణికినయ్. భయపడుకుంటనే పోవాలె" అంది.

మర్నాడు వల పట్టుకుని వాగు దాటాను. కుక్కలు మీదికొచ్చాయి, ముత్తమ్మ అదిలించింది. ఉన్నదున్నట్టు చెప్పేశాను. తిడుతుందనుకున్నాను. ఆమె మాడిన చెట్ల వైపు చూసింది.

"నలుగుర్ల నిలవడాలంటే నాకు భయం బిడ్డా, అందుకే బడికాడికి రాలే" అంది. "నువ్వు ఇంటికి వస్తవనుకున్న."

ఇద్దరం కలిసి మిగిలిన చెట్ల కింద వల కట్టాం.

ఇప్పుడా సంస్థలో కొత్తగా చేరిన పిల్లలను నేనే గూడేలకు తీసుకెళ్తాను. చివరింటి నుంచే మొదలుపెడతాను. భయం పోయిందనుకుంటారు వాళ్లు. పోలేదు, దాంతోనే నడుస్తున్నాను. నర్సక్క పోయి రెండేళ్లు. ఆ వల సంగతి ఆమె ఎవరితోనూ అనలేదు. సంతాప సభలో ఒక పెద్దమనిషి ఆమెను ఎంతో మెచ్చుకుని, "ఆ వలల దగ్గర జరిగిన ఒక్క పొరపాటు తప్ప" అన్నాడు. నేను ముందు వరుసలోనే కూర్చున్నాను. లేచి చెప్పాలనుకున్నాను. ఆ రోజు కూడా నోరు పెగల్లేదు.

ఆ పొరపాటు నర్సక్కది కాదు. వాగు దాకా వెళ్లి వెనక్కి తిరిగింది నేను.