తిప్పన్న ఎంచుకున్న నల్ల పెడల్

మా బావమరిది తిప్పన్న రాయచూరులో దర్జీ. తీన్ కందీల్ కూడలి దగ్గర దుకాణం. పగలంతా కుట్టుమిషను తొక్కేవాడు, పొద్దు వాలాక ఎలక్ట్రిక్ గిటారు పట్టుకునేవాడు. డెబ్బైల్లో మా జిల్లాలో వాడిలా గిటారు వాయించేవాడు ఇంకొకడు ఉన్నాడని ఎవరన్నా అంటే నేను ఒప్పుకోను. ఉంటే చూపించమంటాను. ఇప్పటిదాకా ఎవరూ చూపించలేదు.

నా పేరు గోవిందప్ప. తిప్పన్న అక్కని చేసుకున్నాను. వాడున్న ఆర్కెస్ట్రాలోనే డ్రమ్ములు వాయించేవాణ్ణి. పెళ్లిళ్లలో, గణేశ ఉత్సవాల్లో సినిమా పాటలు మా పని. తిప్పన్నకి అవి ఆనేవి కావు. వాడికి బరువైన మోత కావాలి. రేడియోలు బాగుచేసే అమరేశప్ప వాడి పోరు పడలేక ఒక రేకు డబ్బాలో ఏవో తీగలు అతికించి ‘ఫజ్’ అని చేసి ఇచ్చాడు. దాన్ని గిటారుకు తగిలిస్తే శబ్దం చిరిగి, గరగరలాడుతూ, లావుగా వచ్చేది. వీధిలో కొందరు తలుపులు వేసుకున్నారు. వాళ్ల చెవుల్లో దూది పెట్టి పుట్టించారని నేను మొహం మీదే అన్నాను.

నిజానికి తిప్పన్నకి ఉన్న బెంగ ఒక్కటే. తల్లి కరియమ్మకి వాడి గిటారు వినిపించదు. మా అత్తమ్మ పత్తి గింజలు తీసే మిల్లులో ఏళ్ల తరబడి పనిచేసింది. ఆ యంత్రాల హోరులో చెవులు మెల్లమెల్లగా పోయాయి. పూర్తిగా పోలేదు. లారీ పోతే తెలిసేది, ఎద్దు రంకె వేస్తే తెలిసేది. గాజుల చప్పుడు, పిట్ట కూత, సన్నగా పలికే తీగ మాత్రం తెలిసేవి కావు. ఇంట్లో మేము సాధన చేస్తుంటే ఎదురుగా కూర్చుని నా డ్రమ్ముకి తల ఊపేది.

“అల్లుడు కొడితె ఇనబడ్తది. మావోడు ఉత్తగ ఏళ్లు ఆడిస్తడు” అనేది.

అప్పుడు నేను మీసం దువ్వేవాణ్ణి. తిప్పన్న మొహం చిన్నబోయేది.

మేము మొదట పెద్ద తెలివిగా శబ్దం పెంచాం. పక్కింటివాళ్లు కొట్లాటకి వచ్చారు గానీ అత్తమ్మ మొహంలో మార్పు లేదు. ఫజ్ తగిలించాక ఆమెకి ఏదో అందింది. “మిల్లు నడిసినట్టుంది. పాట ఏదిరా?” అంది. మోత చేరింది, పాట చేరలేదు. తిప్పన్నకి సగం ప్రాణం లేచి వచ్చింది.

అమరేశప్పే మళ్లీ దారి చూపించాడు. కాలితో తొక్కే పెడల్ ఒకటుందనీ, దాన్ని ‘వా పెడల్’ అంటారనీ చెప్పాడు. మడమ నొక్కితే గిటారు నోరు మూసుకుని మూలిగినట్టు, మునివేళ్లు నొక్కితే నోరు తెరిచి అరిచినట్టు పలుకుతుందట. బొంబాయిలో తెలిసినవాళ్ల దగ్గర నుంచి రెండు తెప్పించి, నచ్చింది ఉంచుకుని రెండోది వాపసు ఇమ్మన్నాడు. ఒకటి విదేశీది, తళతళలాడుతోంది. రెండోది బొంబాయి మెకానిక్ ఎవరో చేసింది. నల్లగా, పేరూ ఊరూ లేకుండా, సన్నికల్లంత బరువుంది.

ఆర్కెస్ట్రా యజమాని బసవలింగప్ప రెండూ విని ఆలోచించనైనా లేదు. “మెరిసేది తీస్కో. పోస్టర్ మీద ఏయిస్త. ఆ నల్లది ఏంది, బెల్లం పాకం ఉడికినట్టు బుడబుడ అంటది” అన్నాడు. నాకూ విదేశీదే నచ్చింది. ఈలలా పదునుగా పలికింది మరి.

తిప్పన్న తల్లిని స్పీకరు ముందు పీట మీద కూర్చోబెట్టి, ఫజ్ కూడా తగిలించి, మెరిసే పెడల్ మీద కాలు పెట్టాడు. రోజంతా మిషను తొక్కే కాలు కాబట్టి దానికి నేర్పాల్సిన పని లేకపోయింది. కాసేపు విని అత్తమ్మ అడిగింది.

“నడుమ నడుమ ఎందుకు ఆపుతున్నవ్ రా?”

వాడు ఎక్కడా ఆపలేదు. మళ్లీ వాయించాడు, ఈసారి నిదానంగా, ఆమె మొహమే చూస్తూ. మునివేళ్లు దిగి శబ్దం సన్నబడినప్పుడల్లా ఆమె చూపు ఖాళీ అయ్యేది. మడమ దిగగానే చూపు తిరిగి వచ్చేది. మా అందరికీ ఈలలా వినిపించేచోట ఆమెకి ఏమీ లేదు.

తర్వాత నల్లది తొక్కాడు. అది ఎంత తెరిచినా సన్నబడలేదు. ఫజ్ మోత అడుగున అలాగే నిలబడింది, దాని మీద నోరు తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంది. అత్తమ్మ కదలకుండా వింది.

“ఇది ఆగుతలేదు” అంది, అంతే.

మోత ఆగలేదో, పాట ఆగలేదో ఆమె చెప్పలేదు. అడగడానికి తిప్పన్నకి ధైర్యం చాలలేదు. మర్నాడే మెరిసేదాన్ని వాపసు ఇచ్చేశాడు.

హట్టి బంగారు గనుల దగ్గర గణేశ ఉత్సవానికి అప్పటికే ఒప్పుకుని ఉన్నాం. బసవలింగప్ప మండిపడ్డాడు. “హట్టిల నవ్వులపాలు అయితె నీ జాగల ఇంకొకన్ని పెట్టుకుంట” అన్నాడు.

“పెట్టుకో అన్నా” అన్నాడు తిప్పన్న. వాడలా మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు. నాకు భలే ముచ్చటేసింది.

ఆ ఏడు హట్టిలో గణేశ ఉత్సవానికి వాయించాం. షిఫ్టు దిగిన గని కార్మికులు స్నానాలు చేసి పిల్లాపాపలతో వచ్చారు. ఇంకా వెలుతురుంది. సినిమా పాటలు అయ్యాక తిప్పన్న తను కట్టుకున్న బాణీ ఎత్తుకున్నాడు. దానికి మాటల్లేవు. గిటారు నేలలోంచి మూలిగి, లేచి, నోరు తెరిచింది. ముందు వరసలో ఒకాయన బీడీ వెలిగించుకోవడం మరిచిపోయాడు. అయిపోగానే ఈలలు, మళ్లీ వాయించమని కేకలు. బసవలింగప్ప ఆ పెడల్ తనే ఎంచినట్టు అందరికీ నమస్కారాలు పెట్టాడు. తిప్పన్న మాత్రం మాతో వచ్చి ముందు కూర్చున్న తల్లినే చూశాడు. ఆమె మొహంలో ఏమీ తెలియలేదు.

వైర్లు చుట్టుకుంటుంటే ఆమె మా దగ్గరికి వచ్చింది. తిప్పన్న తల ఎత్తలేదు. ఆమె నావైపు తిరిగింది.

“అల్లుడా, ఓ చోట జర ముందుకు ఉరికినవ్. మావోడు ఇంక ఎనకనె ఉండె.”

తిప్పన్న చేతిలో వైరు జారిపోయింది. తల్లికి తన పెదవులు కనబడేలా ఎదురుగా వచ్చి నిలబడ్డాడు.

“ఏ చోటమ్మా?”

ఆమె ఆ బాణీని మొదటినుంచి ఎత్తుకుంది. వాడు వాయించినట్టే, మూసినచోట మూస్తూ, తెరిచినచోట తెరుస్తూ పాడింది. నేను తొందరపడ్డ చోటికి రాగానే చప్పట్లు కొట్టి నా తప్పు చూపించింది. అది నిజంగా తప్పే. ఆ బాణీని తిప్పన్న ఏనాడూ నోటితో పాడలేదు, గిటారు మీద తప్ప అది లోకంలో ఎక్కడా లేదు. వాడు స్టేజీ చెక్కల మీద కూలబడి, తల్లి కాళ్లు పట్టుకుని ఏడ్చాడు. తాళం తప్పావని నలుగురిలో అనిపించుకుని గర్వంతో ఛాతీ విరుచుకున్నది ఆ రోజు నేనొక్కణ్ణే.