దారంతో కుట్టిన చివరి పుటలు

నా చిన్నప్పుడు, ఉప్పల్‌లో భూములూ కోటలాంటి గడీ చేజారిపోయాక, మేము నాచారంలో రెండు గదుల అద్దె ఇంట్లో ఉండేవాళ్లం. గడీ నుంచి మిగిలింది మా తాతయ్య గుర్రపు కొరడా ఒక్కటే. అది గోడకు వేలాడుతున్నంత కాలం మేము దొరలమేనని నా నమ్మకం. తొమ్మిదేళ్ల పిల్లనైనా వీధిలో ఎవరితోనూ ఆడేదాన్ని కాదు.

పక్కింటి అక్క, రైల్వే ఉద్యోగి కూతురు, పిల్లలకు కథల పుస్తకాలిచ్చేది. మాయారాజ్యాలు, అడవి జంతువుల సాహసాలు. ఎవరికి ఏది నప్పుతుందో తనే ఎంచేది. కానీ చివరి పుటలను సూదీదారంతో కుట్టి ఇచ్చేది. అక్కడిదాకా చదివి, కథలో ఎవరి దిక్కున నిలబడ్డామో చెబితే గానీ దారం కత్తిరించేది కాదు.

నాకొక తోడేలు కథ ఇచ్చింది. కూన కోసం అది రాజు సైన్యానికి ఎదురు తిరుగుతుంది.

"నేను రాజు దిక్కు. తోడేలు ఆయన గుర్రాన్ని చంపింది," అన్నాను.

"మల్లొకసారి చదువు, దొరసానీ," అని నవ్వి పుస్తకం నా చేతిలోనే పెట్టింది.

ఆ కోపంతో బయటికొస్తుంటే, వాళ్ల గోడవారన పడుకున్న వీధికుక్క గుర్రుమని నా పావడా అంచు చింపింది. ఇంట్లోకెళ్లి కొరడా తెచ్చాను. మొదటి దెబ్బకు దాని చెవి చీలింది. మూడో దెబ్బకు ఒక కన్ను నెత్తుటి ముద్దయింది. అయినా పారిపోలేదు. అది నాకు ధిక్కారంగా తోచింది. మళ్లీ కొరడా ఎత్తేసరికి అక్క అడ్డం వచ్చింది. ఆ దెబ్బకు ఆమె ముంజేయి చీరుకుపోయింది. కొరడా కొసను గట్టిగా పట్టుకుంది.

"గా కుక్క ఎందుకు ఉరుకుతలేదో జర సూడు."

వంగి చూశాను. కుక్క వెనక రాళ్ల సందులో, ఇంకా కళ్లు తెరవని మూడు కూనలు.

అక్క ముందు కుక్క గాయాలకు, తర్వాత తన చేతికి పసుపు అద్దింది. అది బతుకుతుందో లేదోనని మూడు రోజులు దూరంగా కూర్చుని చూశాను. నాలుగో రోజు లేచి నీళ్లు తాగింది.

అప్పుడు పుస్తకమూ కొరడా పట్టుకుని అక్క దగ్గరికెళ్లాను. తప్పయిందనడం మా ఇంట్లో ఎవరికీ రాదు. నాకూ రాలేదు. ఎవరి దిక్కని అడగకుండానే ఆమె కత్తెర ఇచ్చింది. నేను ముందు కొరడా తోలును కోశాను. అది తెగేసరికి కత్తెర మొద్దుబారింది.

"ఇగ నా కత్తెరను గూడ సంపినవ్," అంది అక్క. దారాన్ని పళ్లతో తెంపాల్సి వచ్చింది.

ఇప్పుడు పుస్తకాల కోసం నా దగ్గరికొచ్చే పిల్లలకు జంతువుల కథలే ముందిస్తాను. నెత్తురున్నవీ దాచను. చివరి పుటలు కుట్టే ఇస్తాను. రాజు దిక్కు అన్నవాళ్లను కోప్పడను. ఆ కుక్క బతికినన్నాళ్లూ నన్ను చూడగానే ఒంటికన్నుతో లేచి కూనలకు అడ్డంగా నిలబడేది. కూనలు పెద్దవై వెళ్లిపోయాక కూడా, నేను కనబడితే చాలు, ఖాళీ రాళ్ల సందుకు అడ్డంగా నిలబడేది.