డామేజీ గోవర్ధనరావుగారు

“ఏమండీ, మీకు మీ ఆవిడ మీద ఏమన్నా పగ ఉందా?” అని బందరు చిలకలపూడిలో ఓ రోల్డ్‌గోల్డ్ కొట్టాయన గోవర్ధనరావుగారిని మొహం మీదే అడిగేశాడు.

అడగడా మరి! అద్దాల కింద వందల గొలుసులు ధగధగలాడుతుంటే ఈయన వాటి వంకైనా చూడలేదు. “పూత ఎగిరిపోయింది ఏమన్నా ఉందా? బాగా నల్లబడింది?” అన్నారు. కొట్టాయన లోపలికెళ్ళి, పారేద్దామని పక్కన పెట్టిన డబ్బాలోంచి ఒకటి తెచ్చాడు. గోవర్ధనరావుగారు దాన్ని వెలుగులో పెట్టి అటూ ఇటూ తిప్పి, “ఇంతకన్నా అధ్వాన్నం లేదా?” అన్నారు. లేదన్నాక, మంచి గొలుసు ధరే ఇచ్చి దాన్ని కాగితంలో కట్టించుకున్నారు.

ఆయన తీరే అంత. ఏ ఊళ్ళో ఏ కొట్టుకెళ్ళినా, ఉన్నవాటిలోకెల్లా చెడ్డది ఏరి కొంటారు. గుడివాడలో మా వీధికి ఆయన డామేజీ గోవర్ధనరావు. నేను పదిహేనేళ్ళుగా పక్కింటివాణ్ణి కనుక ఈ సంగతి సాధికారంగా చెప్పగలను.

తమాషా ఏమిటంటే, అంతకుముందు ఈయన దీనికి సరిగ్గా వ్యతిరేకం. ముప్పై ఏళ్ళు ఓ చేనేత, అద్దకం సహకార సంఘంలో సరుకు తనిఖీ చేసే ఉద్యోగం. ఒక్క పోగు తప్పితే గుడ్డ తాను మొత్తం పనికిరాదని వెనక్కి పంపేసేవారు. పెళ్ళిపీటల మీద కూర్చుని, ఇచ్చిన మధుపర్కాలు విప్పి, నేతలో తప్పుందని పురోహితుడికి చూపించారట. వాళ్ళావిడ ఉమాదేవిగారు ఆ సంగతి ఇప్పటికీ మర్చిపోలేదు. అలాంటి మనిషి రెండేళ్ళ కిందట ఉన్నట్టుండి ఇలా తలకిందులయ్యారు. రిటైరయ్యాక కొందరికి భక్తి ముదురుతుంది. ఈయనకు ఇది ముదిరింది. భక్తికన్నా నయమే కదా అని నేను సర్దిచెప్పుకున్నాను.

ఉమాదేవిగారు సర్దిచెప్పుకోలేకపోయారు. వాళ్ళ హాల్లో కిటికీ తెర మీద నెమలి ఒకచోట ఉంటే దాని కన్ను జానెడు అవతల ఉంటుంది. “భోంచేస్తుంటే ఆ కన్ను నా కంచంలోకే చూస్తుందండీ, అన్నయ్యగారూ” అనేవారు ఆవిడ.

సంఘం మూతబడింది. పింఛను లేదు. బతుకు తెరువల్లా కళ్యాణ్ అనే కుర్ర ట్రావెల్స్ ఓనరు వేసే నాలుగు రోజుల సాంస్కృతిక యాత్రకు గైడు పని. గుడివాడలో ఎక్కించి, ఘంటసాల, దివిసీమ, బందరు, పెడన తిప్పి మళ్ళీ గుడివాడలో దించాలి. బ్యానరు మీద “మన కళలు, మన గర్వం” అని ఉంటుంది. గర్వం సంగతి సరే, గైడు మీద అప్పటికే రెండు ఫిర్యాదులొచ్చాయి. “మూడోది వస్తే ఇక నా వల్ల కాదు, బాబాయిగారూ” అని కళ్యాణ్ తేల్చేశాడు.

“మీరూ ఆ వ్యాన్ ఎక్కండి అన్నయ్యగారూ. ఆయన నోరు మూయించండి. ఈ పనీ పోతే మా ఇద్దరికీ బీపీ మాత్రలు కూడా ఉండవు” అని ఉమాదేవిగారు నన్ను పంపారు. అలా వెళ్ళాను.

వ్యాన్‌లో పదిమందిమి. ముందు సీట్లో విజయకుమారిగారు, రిటైరైన హెడ్‌మిస్ట్రెస్. చేతిలో చిన్న నోటుబుక్కు. ఆవిణ్ణి చూడగానే మూడో ఫిర్యాదు రానే వచ్చిందనుకున్నాను.

మొదటి మజిలీ గుడివాడ పాత దిబ్బ. గైడన్నవాడు అక్కడ ప్రాచీన వైభవం గురించి నాలుగు మాటలు చెప్పాలి. ఈయన చెప్పింది ఇదీ: “ఇక్కడ స్తూపం ఉండేదండీ. ఇప్పుడు చూడ్డానికేం లేదు. ఇటుకలు జనం పట్టుకుపోయారు. మా తాతగారి అరుగులోనూ నాలుగు ఉండే ఉంటాయి. పదండి.”

విజయకుమారిగారు నోటుబుక్కు తెరిచారు.

ఘంటసాల మ్యూజియంలో నిండుగా ఉన్న శిల్పాలన్నీ దాటించి మమ్మల్ని ఓ మూల విరిగిన రాతి ముక్క ముందు నిలబెట్టారు. “మనిషంతా పోయాడు, పాదం మిగిలింది. దీన్ని చూడండి, మిగతావి పోస్టుకార్డుల్లో ఉంటాయి.”

“ఫిర్యాదు నంబరు రెండు” అన్నారు విజయకుమారిగారు పైకే.

మర్నాడు అవనిగడ్డలో టిఫిను. అందరం దోసెలు చెప్పాం. ఈయన సర్వర్‌ని పిలిచి, “మాడింది ఏదన్నా ఉందా? అడుగు నల్లగా ఉండాలి” అన్నారు. సర్వర్ వెళ్ళి వంటవాణ్ణి తీసుకొచ్చాడు. వంటవాడు వచ్చి చేతులు కట్టుకుని, “మా దగ్గర మాడవండీ” అన్నాడు రోషంగా. “అయితే మాడ్చు” అన్నారు ఈయన. మాడ్చాడు. హోటలంతా పొగ. గోవర్ధనరావుగారు కళ్ళనీళ్ళతో ఆ దోసె మొత్తం తిన్నారు.

నాగాయలంకలో రొయ్యలు అమ్మే పోలమ్మ దగ్గర, తలలూడినవీ, మెత్తబడినవీ ఏరి మరీ తూయించారు. పోలమ్మ త్రాసు కింద పెట్టి నా వంక తిరిగింది. “ఈ బాబుకి గాలేమన్నా సోకిందా అయ్యా? ఇవి పిల్లులకేస్తాను నేను.”

“పిల్లులకు ఎంతకిస్తావు?” అన్నారీయన.

“పిల్లులు డబ్బులియ్యవు బాబూ!”

“నేనిస్తాను.”

ఆ రొయ్యలు రెండు రోజులు మాతోపాటు యాత్ర చేశాయి. ఫిర్యాదులు అయిదు, ఆరు, ఏడు వాటివే.

దివిసీమలో ఉప్పెన మాట ఎత్తొద్దని కళ్యాణ్ ముందే చెప్పి పంపాడు. టూరిస్టులకు మూడ్ పాడవుతుందట. హంసలదీవికి వెళ్ళే దారిలో గోవర్ధనరావుగారు ఓ చెరువుల వరస చూపించి, “ఇక్కడ ఊరుండేది. ఒక్క పూటలో పోయింది. శవాల్ని లెక్కపెట్టినవాళ్ళు కూడా పోయారు. ఇప్పుడు రొయ్యలు పెంచుతున్నారు. మూడ్ ఎవరికన్నా పాడైతే మంచినీళ్ళు వెనక సీటు కింద ఉన్నాయి” అన్నారు. విజయకుమారిగారు కలం పట్టుకున్నారు కాని, అదొక్కటి మాత్రం రాయలేదు.

మూడో రోజు బందరు. డచ్చివాళ్ళ సమాధుల్లో పగుళ్ళు, చిలకలపూడిలో నల్ల గొలుసు. నాలుగో రోజు పెడన. అప్పటికి ఫిర్యాదులు పదకొండు. ఏ ఒక్కటీ ఫోనులో కళ్యాణ్ దాకా పోలేదు. ఇంకొక్క పూట గట్టెక్కితే ఉమాదేవిగారికి మొహం చూపించగలనని నేను లెక్కేసుకుంటున్నాను.

పెడనలో బసవయ్య అద్దకం షెడ్డు. పొడుగాటి బల్లలు, వాటి మీద కరక్కాయ నీళ్ళలో ముంచి ఆరబెట్టిన పసుపుపచ్చ గుడ్డ, పనివాళ్ళ చేతుల్లో చెక్క అచ్చులు. ఇక్కడ మాత్రం గోవర్ధనరావుగారు గైడులా మాట్లాడారు. “నలుపు వేస్తే వెంటనే కనిపిస్తుంది. ఎరుపు అలా కాదండీ. పటిక నీళ్ళతో ముద్ర వేస్తారు, వేసినప్పుడు గుడ్డ మీద ఉందో లేదో అన్నట్టుంటుంది. రాగి కాగులో ఉడకబెట్టాకే ఎర్రగా తేలుతుంది. తప్పుంటే అప్పుడే తెలుస్తుంది. తెలిశాక చేసేదేం లేదు.”

“తప్పు పడితే?” అని నేనే అడిగాను.

“కూలిలో కోత. మళ్ళీ మళ్ళీ పడితే బల్ల మీంచి దించి కాలువలో ఉతుకుడుకి పంపుతారు. మోకాళ్ళ లోతు నీళ్ళలో రోజంతా.”

ఈలోగా బసవయ్య ఎదురొచ్చాడు. “రండి సార్, రండి! మీ సరుకు తీసి పెట్టానండి!” అని ఓ కట్ట విప్పాడు. మామిడి పిందెల దుప్పటి. పిందె ఒకచోట, దాని ఎరుపు ఇంకోచోట. కొన్ని పిందెలు ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్నాయి.

“దీనికి హైదరాబాద్‌లో తెగ గిరాకీ అంటండీ, సార్ చెప్పారు” అన్నాడు బసవయ్య మాతో, గర్వంగా. “అచ్చు పక్కకి జరిగితేనే చేత్తో చేసిందని నమ్ముతారంట. మా మిగతా పనోళ్ళకి ఎంత చెప్పినా ఇలా రాదండీ, సరిగ్గానే వేసి చస్తారు. ఆ చివరి బల్ల మరియం ఒక్కత్తే వేస్తుంది.”

చివరి బల్ల దగ్గర అరవైకి దగ్గరపడ్డ మనిషి, తల వంచుకుని అచ్చు వేస్తోంది.

బసవయ్య మాకు టీలు చెప్పడానికి బయటికెళ్ళాడు. విజయకుమారిగారు అప్పటికే ఓ చక్కటి దుప్పటి ఎంచుకున్నారు. గోవర్ధనరావుగారు దాన్ని ఆవిడ చేతిలోంచి మెల్లిగా తీసేసుకున్నారు. “ఇది ఎవరైనా కొంటారమ్మా. మీరు ఇది తీసుకోండి” అని ఆ పిందెల దుప్పటి పెట్టారు. నేను ఆయన మోచెయ్యి గిల్లాను. ఫలితం లేదు.

“పన్నెండు!” అన్నారు విజయకుమారిగారు. అక్కడే నిలబడి స్పీకరు పెట్టి కళ్యాణ్‌కి ఫోను చేసి, ఒకటి నుంచి పన్నెండు దాకా హాజరుపట్టీ చదివినట్టు చదివారు. అచ్చుల చప్పుడు ఆగిపోయింది. అవతల నుంచి కళ్యాణ్ గొంతు షెడ్డంతా వినిపించింది: “సారీ మేడమ్. రేపట్నుంచి ఆయన ఉండరు మేడమ్.”

గోవర్ధనరావుగారు దుప్పటి అంచులు కలిపి మడతపెట్టారు.

హెడ్‌మిస్ట్రెస్ కదా, ఒక్క ముద్దాయితో తృప్తి లేదు. ఆ దుప్పటి లాక్కుని చివరి బల్ల దగ్గరికి నడిచారు. “ఇది వేసింది నువ్వేనా? ఏమిటిది, చూడు!”

గోవర్ధనరావుగారు ఆవిడ వెనక పరిగెత్తడం చూసి నాకు ఆశ్చర్యమేసింది. రెండేళ్ళలో ఆయన తొందరపడగా నేను చూడలేదు.

మరియం దుప్పటి అందుకుంది. ముక్కుకు ఆనేంత దగ్గరగా పెట్టుకుంది. బొటనవేలితో తడిమింది. తలెత్తి, విజయకుమారిగారికి కాస్త పక్కగా ఉన్న గోడకేసి నవ్వి, “నెమళ్ళు బాగా తేలాయి కదమ్మా” అంది.

బోర్డు కనపడక, పక్కవాడి పలక చూసి రాసే పిల్లల్ని ముప్పై అయిదేళ్ళు పట్టుకున్న మనిషి విజయకుమారిగారు. ఒక్క క్షణం మరియం కళ్ళలోకి చూశారు. తర్వాత గోవర్ధనరావుగారి వైపు చూశారు. ఆయన మొహంలో రక్తం లేదు. ఉద్యోగం పోయినప్పుడు కూడా ఆ మొహం అలా లేదు.

గుమ్మంలోంచి బసవయ్య వస్తున్నాడు. “ఏంటండీ? ఏమన్నా తేడానా?”

“తేడా ఏముంది? నెమళ్ళు బ్రహ్మాండంగా ఉన్నాయి” అన్నారు విజయకుమారిగారు, దుప్పటి గభాల్న చంకలో పెట్టేసుకుంటూ. “ఇలాంటివి ఇంకెన్నున్నాయి?”

“నాలుగండి.”

“నాలుగూ కట్టు.” తర్వాత వెనక్కి తిరిగి మా అందరినీ ఒక చూపు చూశారు. నాలుగింటికి నలుగురం చేతులెత్తాం.

వ్యాన్ కదిలాక ఆవిడ మొదటి ప్రశ్న: “ఎన్నాళ్ళుగా?”

“రెండేళ్ళమ్మా. నేనే బెజవాడ తీసుకెళ్ళి చూపించాను. కంటి నరం ఎండిపోతోందట, ఆపరేషన్ లేదన్నారు.”

“ఆవిడకి తెలుసా, మీరెందుకు కొంటున్నారో?”

“ముద్ర తప్పిన సంగతి అద్దకం మనిషికి ఒకరు చెప్పాలా? తెలుసు. మేం ఆ మాట అనుకోం.”

“మరి ఆ దోసె ఏమిటండీ మహానుభావా?” అని నేను అరిచాను. “ఆ రొయ్యలు? ఆ గొలుసు?”

ఆయన నన్ను మందమతిని చూసినట్టు చూశారు. “ఒక్క పెడనలోనే డామేజీ అడిగితే, ఇదంతా మరియం కోసమని బసవయ్యకి అనుమానం రాదూ? వాడి బావమరిది అవనిగడ్డలో, వాడి గుమస్తా చెల్లెలు నాగాయలంకలో. మనుషులన్నాక చెప్పుకుంటారు. అందుకని ఊరూరా అడగాల్సి వచ్చింది. మాడిన దోసె నాకేమన్నా ఇష్టమనుకున్నావా? రెండేళ్ళుగా కడుపులో మంట.”

“ఇంట్లో ఉమాదేవిగారికి కూడా చెప్పలేదా?”

“చెబితే ఆవిడ బసవయ్యతో పోట్లాటకెళ్తుంది.” ఆయన కిటికీ వైపు తిరిగారు. “మా సంఘంలో ముప్పై ఏళ్ళు మరియం వేసిన ముద్రలో ఒక్క తప్పు పట్టుకుందామని చూశానయ్యా. భూతద్దం పెట్టి చూశాను. దొరకలేదు. నాకు దొరకని తప్పు ఇప్పుడు ఆ బసవయ్య పట్టుకుంటానంటే ఊరుకుంటానా?”

వెనక సీట్లోంచి ఎవరో గద్గదంగా “దేవుడులాంటి మనిషి...” అని మొదలుపెట్టారు. “ఆ కిటికీ మూయండి, దుమ్ము” అన్నారు గోవర్ధనరావుగారు.

విజయకుమారిగారు కళ్యాణ్‌కి మళ్ళీ ఫోను చేసి పన్నెండు ఫిర్యాదులూ కొట్టేస్తున్నానన్నారు. అప్పటికే ఆలస్యమైంది. టై కట్టుకున్న కొత్త గైడు ఫొటో యాత్ర వాట్సాప్ గ్రూపులోకి వచ్చేసింది. ఆ పని పోయింది, మళ్ళీ రాలేదు. ఉమాదేవిగారికి నేను మొహం చూపించలేక వారం రోజులు దొడ్డిదారిన తిరిగాను.

ఇప్పుడాయన నెలకోసారి పెడనకు పాసింజరు బస్సులో వెళ్తారు. కొనేది విజయకుమారిగారు వాట్సాప్‌లో పెట్టిన గ్రూపు. దాని పేరు హైదరాబాద్ గిరాకీ. అందులో హైదరాబాద్ వాళ్ళు ఒక్కరూ లేరు. కొననన్నవాళ్ళ పేర్లు ఆవిడ నోటుబుక్కులో ఎక్కిస్తారు.

పోయిన నెల వచ్చిన దుప్పటికి సగం దాకా ముద్రే లేదు. బసవయ్య దాన్ని కొత్త డిజైనని రేటు పెంచాడు. గోవర్ధనరావుగారు కిక్కురుమనకుండా ఆ డబ్బిచ్చేసి వచ్చారు. అందులో నా వంతు తొమ్మిది వందల రూపాయలు నేను ఆయనకు ఇంకా ఇవ్వాలి.