కంప్యూటరు చేత ప్రశ్న అడిగించిన నాగేశ్వరమ్మ

కంప్యూటరును కనిపెట్టింది ఏ దేశపు దొరలో కావచ్చు గాని, దానికి మనిషిని ప్రశ్న అడగడం నేర్పింది మాత్రం తెనాలిలో మా మామ్మ నాగేశ్వరమ్మ. కాదన్నవాళ్ళు ఒకసారి ఆవిడ ముందు కూర్చుని కాఫీ తాగి చూడాలి. గ్లాసు ఖాళీ అయ్యేలోగా వాళ్ళ ఇంటి గుట్టంతా ఆవిడ కొంగున ముడి పడి ఉంటుంది.

ఆవిడ పుట్టింది రేపల్లెలో, మెట్టింది తెనాలిలో. చదువు ఐదో క్లాసు దగ్గర ఆగింది, నోరు ఆగలేదు. పెళ్ళిళ్ళు కుదర్చడం ఆవిడకున్న ఒకే ఒక వ్యసనం. ప్రతిఫలంగా మొదటి పంక్తిలో విస్తరి, వంటవాళ్ళను కేకలెయ్యడానికి అధికారం ఇస్తే చాలు. తెనాలి, బాపట్ల, రేపల్లె దారుల్లో ఏ రైలెక్కినా ఆవిడ కుదిర్చిన జంటలు తగులుతాయి. కొందరు ఆవిడను చూసి పక్క పెట్టెలోకి మారతారని ఎవరన్నా అంటే, "మారినవాళ్ళంతా మగాళ్ళే" అంటుంది.

తొంభై మూడులో పక్కింటి వకుళకు సంబంధం చూసింది. వకుళ చిన్నప్పుడే తల్లి పోయింది. తండ్రి పురుషోత్తంగారు బడిపంతులు. ఆ పిల్లకు జడ వేసిందీ, జ్వరమొస్తే పక్కన కూర్చుందీ నాగేశ్వరమ్మే. పెళ్ళికొడుకు గోపాలకృష్ణకు బాపట్ల వ్యవసాయ కళాశాల ఆఫీసులో ఉద్యోగం. తండ్రి జగన్నాథంగారిది రేపల్లె. పెళ్ళిచూపుల్లో వకుళ, "మీకు వంటేమైనా వచ్చా అండి?" అని అడిగేసింది. అందరూ బిగుసుకుపోయారు.

"టీ పెట్టగలనండి. తాగేవాళ్ళే దొరకడం లేదు," అన్నాడతను.

వకుళ నవ్వు ఆపుకోలేక లోపలికి పారిపోయింది. నాగేశ్వరమ్మ మనసులో ఆ క్షణమే భజంత్రీలు మోగాయి.

ఆ రోజుల్లోనే తెనాలి బోసు రోడ్డులో కంప్యూటర్ జాతకాల కొట్టు వెలిసింది. చెప్పులు బయట విడిచి, చల్లటి గదిలో కూర్చుని, పుట్టిన రోజూ వేళా చెబితే, అంచుల వెంట చిల్లులున్న కాగితం మీద జాతకం గరగరమంటూ అచ్చయి వచ్చేది. చూస్తుండగానే ఆ కాగితం లేనిదే పెళ్ళి మాటలు కదలని పరిస్థితి వచ్చింది. జగన్నాథంగారు కూడా అదే అడిగారు. నాగేశ్వరమ్మ తనే వెళ్ళి, కొట్టు నడిపే రామకృష్ణకు వివరం చెప్పింది.

"డెబ్భై మూడు, ఏప్రిల్ మూడో గురువారం నాయనా. తెల్లవారుజామున మూడు గంటలకి. నేను ఆసుపత్రి వరండాలోనే కూర్చుని ఉన్నాను."

అతను కేలండర్లో ఆ గురువారం తేదీ చూసి మిషనుకు ఎక్కించాడు. వకుళది విశాఖ నక్షత్రం అని వచ్చింది. గోపాలకృష్ణది శ్రవణం. ఇద్దరిదీ ఒకే నాడి, ఈ పెళ్ళి తగదు అని కింద అచ్చు వేసింది.

"మా పిల్లది అనూరాధండి. పుట్టినప్పటి నుంచీ గుళ్ళో ఆ పేరునే పూజ చేయిస్తున్నాం," అంది నాగేశ్వరమ్మ, రేపల్లెలో ఆ కాగితం జగన్నాథంగారి చేతికిస్తూ.

"మనుషులు పొరపడతారమ్మా. ఇది మిషను," అన్నారు జగన్నాథంగారు. సంబంధం ఆగిపోయింది. వచ్చే ఆదివారం వాళ్ళు పొన్నూరులో ఇంకో పిల్లను చూడబోతున్నారని కబురు తెలిసింది.

వకుళ ఏడవలేదు. "అయితే ఇన్నాళ్ళూ ఇంకెవరి నక్షత్రమో చెప్పుకున్నామా మామ్మా?" అని మాత్రం అడిగింది. నాగేశ్వరమ్మకు అన్నం సయించనిది అక్కడే. ఇదే మాట పురోహితుడు చెప్పి ఉంటే పురుషోత్తంగారు పోట్లాడేవారు, ఇంకో ఊళ్ళో ఇంకొకరిని అడిగేవారు. అచ్చులో వచ్చేసరికి కన్నతండ్రి కూడా నోరెత్తలేదు. అచ్చు మనుషుల్ని ఏం చేస్తోందో చూడాలనుకుంది.

మర్నాటి నుంచి కొట్టు అరుగు మీద మకాం పెట్టింది. బయటికి వచ్చినవాళ్ళనల్లా ఆపి, "ఏం చెప్పావమ్మా? ఏం వచ్చింది?" అని ఆరా తియ్యడమే పని. చాలామంది చెప్పేది ఒకటే: ఇంట్లో అనుకున్నది వేరు, కాగితంలో ఉన్నది వేరు, కాగితమే నిజం కాబోలు.

"పిన్నిగారూ, ఎండలో ఎందుకండి, లోపలికి రండి," అన్నాడు రామకృష్ణ.

"లోపల చల్లగాలే ఉంది నాయనా. మాటలు బయటున్నాయి."

శనివారం ఆ దారిన కమలమ్మ వచ్చింది. చర్చివాళ్ళ ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైంది, నాగేశ్వరమ్మకు పాత స్నేహితురాలు.

"ఏంటి వదినా, చెప్పులకు కాపలా కాస్తున్నావా?"

నాగేశ్వరమ్మ గోడంతా వెళ్ళబోసుకుంది.

"వకుళా? ఆ పురుడు పోసింది నేనే కదా. గుడ్ ఫ్రైడే నాడు. డ్యూటీ దిగి చీర మార్చుకోకుండా చర్చికి పరిగెత్తాను."

"శుక్రవారమేంటే? గురువారం తెల్లవారుజామున."

"పన్నెండు దాటింది కదా వదినా. ఇంక శుక్రవారమే."

"సూర్యుడు రాకుండా శుక్రవారం ఎలా వస్తుందే?"

"మీ లెక్కలో రాదు. గడియారం లెక్కలో వచ్చేస్తుంది."

నాగేశ్వరమ్మ ఠక్కున లేచింది. చెప్పులతోనే చల్లగదిలోకి నడిచింది.

"నాయనా, నీ మిషనుకు రోజు ఎప్పుడు మారుతుంది?"

"అర్ధరాత్రికండి."

"నా గురువారం తెల్లారేదాకా నడుస్తుంది. ఆ ముక్క నన్ను అడగలేదేం?"

రామకృష్ణ తెల్లబోయాడు. వెంటనే మీటల మీదికి వంగి శుక్రవారం తేదీ కొట్టాడు. ప్రింటరు గరగరలాడింది. అనూరాధ. శ్రవణంతో పేచీ లేదు.

కొత్త కాగితం జాకెట్లో దోపుకుని ఆవిడ ఆ పూటే రేపల్లె రైలెక్కింది. జగన్నాథంగారు రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని చూశారు.

"మొన్న ఒకటి చెప్పింది, ఇవాళ ఒకటి చెప్పింది. రేపు మూడోది చెప్పదని నమ్మకమేంటమ్మా?"

"మిషను తప్పు లేదండి. పెట్టింది తిని, దానికి తగ్గట్టు పలికింది. తప్పు చెప్పింది నేను. నా నోటి తప్పుకు ఆ పిల్లను వదులుకోకండి."

అరవై ఏళ్ళ జీవితంలో నాగేశ్వరమ్మ తప్పు ఒప్పుకోవడం ఆ జిల్లాలో ఎవరూ వినలేదు. జగన్నాథంగారు కాగితాలు రెండూ మళ్ళీ చేతిలోకి తీసుకున్నారు. వంటింట్లోంచి ఆయన భార్య మంగతాయారు అంది: "పొన్నూరు రావడం లేదని చెప్పి పంపండి. మీ వాడు టీ పెట్టడం మానేసి గోడ చూస్తూ కూర్చున్నాడు."

వైశాఖంలో పెళ్ళి జరిగింది. నాగేశ్వరమ్మ మొదటి పంక్తిలో కూర్చుని పులిహోరలో ఉప్పు తక్కువైందని వంటవాళ్ళను ఝాడించింది. ఆ కొట్టులో ఇప్పుడు పుట్టిన వేళ చెప్పగానే తెర మీద అక్షరాలు లేస్తాయి: సూర్యోదయానికి ముందా, తరవాతా? అది రామకృష్ణ పెట్టాడు, ఆవిడ పక్కన నిలబడి పెట్టించింది. ఆ తరవాత ఆవిడ బాపట్లలోనూ రేపల్లెలోనూ కాగితం దెబ్బకు చెడిన సంబంధాల ఇళ్ళన్నీ తిరిగింది. కొన్ని చోట్ల మళ్ళీ పందిళ్ళు లేచాయి.

ఇదంతా రాసి మామ్మకు చదివి వినిపించాను. కళ్ళు మూసుకుని చివరిదాకా విని అంది:

"తప్పు చెప్పింది నేనే అన్న ముక్క ఒక్కటీ నిజం. మిగతాదంతా నీ డప్పు. లేచి స్టేషనుకెళ్ళు, వకుళ రైలు దిగే వేళయింది."